మెరుగు పెట్టించాలా, ముట్టుకోకుండా ఉంచాలా? పాత ట్రైకోన్ గిటార్ ఉన్నవారికి నా సమాధానం

ముందుగా మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. 1920ల చివర్లో నేషనల్ కంపెనీ చేసిన ట్రైకోన్ గిటార్ ఒకటి, అంటే లోపల మూడు అల్యూమినియం కోన్లు (గరాటులాంటి రేకులు) మోగే లోహపు గిటార్, మీ చేతికి వచ్చింది. గుండ్రటి నెక్, జర్మన్ సిల్వర్ బాడీ, దాని మీద అడవి గులాబీల నగిషీ. అంటే ఆ కంపెనీ లెక్కలో స్టైల్ 2 మోడల్. నికెల్ పూత మసకబారింది. కుడి ముంజేయి ఆనే చోట పూత పూర్తిగా అరిగింది. తీగల చివర్లను పట్టి ఉంచే టెయిల్‌పీస్ చుట్టూ పచ్చటి చిలుము పట్టింది. మూడు కోన్లలో ఒకదానికి సొట్ట ఉంది, మీటితే ఎక్కడో జిర్రుమంటోంది, నెక్ మీది పన్నెండో ఫ్రెట్ (అడ్డ కమ్మీ) దగ్గర తీగలు వేలికి అందనంత ఎత్తులో ఉన్నాయి. మరమ్మతులు చేసే ఒకాయన "అంతా విప్పి, మెరుగు పెట్టి, కొత్త నికెల్ పూత వేసి, మూడు కోన్లూ మార్చేస్తే కొత్త గిటారే" అన్నారు. పాత వాద్యాలు సేకరించే మీ మిత్రుడు "గుడ్డతో కూడా తుడవకండి, పెట్టెలో పెట్టి తాళం వేయండి" అన్నారు. ఎవరి మాట వినాలి అని మీ ప్రశ్న.

ఇద్దరి మాటా వినకండి. ముఖ్యంగా మొదటాయన మాట. రెండో ఆయన సలహా పాటిస్తే మీ గిటార్‌కు ఇవాళ వచ్చే నష్టం ఏమీ లేదు, కాబట్టి తొందరపడి ఏదైనా చేసే బదులు అదే నయం. అయితే అందులోనూ ఒక పొరపాటు ఉంది. అది తర్వాత చెబుతాను.

ఇద్దరూ గిటార్‌ను ఒకే వస్తువుగా చూస్తున్నారు. మూడు దశాబ్దాలుగా ఈ వాద్యాలను విప్పి బిగిస్తున్న నాకు అందులో రెండు వస్తువులు కనిపిస్తాయి. ఒకటి యంత్రం: తీగలు, అవి ఆనే శాడిల్, దాన్ని మోసే బ్రిడ్జి, కోన్లు, ఫ్రెట్లు. ఇవి అరగడానికే పుట్టాయి. చేసినవాళ్లు కూడా వీటిని విప్పి మార్చుకునేలాగే చేశారు, లేకపోతే పైమూతను స్క్రూలతో ఎందుకు బిగిస్తారు? రెండోది దస్తావేజు: బాడీ, దాని పూత, నగిషీ, నెక్ ఆకారం, నెక్ కొసన ఉండే హెడ్‌స్టాక్ మీది సీరియల్ నంబరు, చివరికి ముంజేయి అరగదీసిన ఆ మచ్చ కూడా. యంత్రాన్ని బాగుచేయవచ్చు. దస్తావేజును దిద్దితే అది నకలైపోతుంది. మీ గిటార్ విషయంలో ఏ పని గురించి సందేహం వచ్చినా, అది ఈ రెంటిలో దేన్ని తాకుతుందో ముందు చూసుకోండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఈ వాద్యం ఎందుకు పుట్టిందో తెలిస్తే ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. 1920లలో నాట్య వాద్యబృందాల్లో బాకాలు, డ్రమ్ముల మధ్య గిటార్ వినపడేది కాదు. రంగస్థలం మీద గిటార్ వాయించే జార్జ్ బోషాంప్ గట్టిగా మోగే వాద్యం కావాలని, స్లోవేకియా నుంచి వలస వచ్చి లాస్ ఏంజెలెస్‌లో వాద్యాలు తయారు చేస్తున్న జాన్ డోపెయెరాను అడిగాడు. డోపెయెరా పలచటి అల్యూమినియం రేకుతో చేసిన మూడు కోన్లను లోహపు బాడీలో అమర్చి, వాటి కొసల మీద టి ఆకారపు అల్యూమినియం బ్రిడ్జి పెట్టాడు. 1927లో నేషనల్ కంపెనీ పేరుతో ఆ గిటార్లు బయటికి వచ్చాయి. అందులో మోగేది చెక్క పలక కాదు, కోన్లు. విద్యుత్తు లేని లౌడ్‌స్పీకర్ అనుకోండి. 1929లో డోపెయెరా విడిపోయి, సోదరులతో కలిసి డోబ్రో పెట్టాడు. అందులో కోన్ ఒకటే, అదీ వెల్లకిలా గిన్నెలా ఉంటుంది, దాని మీద ఎనిమిది కాళ్ల సాలీడు లాంటి బ్రిడ్జి. ఇక అసలు చమత్కారం: నేషనల్ లోహపు బాడీలను రేకు నుంచి అచ్చుల్లో నొక్కి చేసిన కార్ఖానా అడాల్ఫ్ రికెన్‌బాకర్‌ది. ఆయనా బోషాంపే 1930ల మొదట్లో ఎలక్ట్రిక్ గిటార్‌ను మార్కెట్లోకి తెచ్చారు. అంటే ఈ వాద్యానికి రెక్కలిచ్చినవాళ్లే దాని అవసరమే లేకుండా చేశారు. ఆ తర్వాత యుద్ధకాలంలో లోహం దొరకక తయారీయే ఆగిపోయింది. మొత్తం మీద పదిహేనేళ్లు కూడా లేని ఆయుష్షు. అందుకే మిగిలినవి ఇంత అపురూపం.

మీది నిజంగా గుండ్రటి నెక్ గిటారేనా అన్నది మొదట తేల్చుకోండి. అప్పట్లో హవాయి సంగీతపు మోజు ఎక్కువ కాబట్టి, ఒళ్లో పడుకోబెట్టి ఉక్కు కడ్డీతో వాయించే చదరపు నెక్ ట్రైకోన్లు చాలా తయారయ్యాయి. గుండ్రటి నెక్ ఉన్నవి తక్కువ, వాటికి ధర ఎక్కువ. ఆ ధర కోసం చదరపు నెక్‌ను కోసేసి, చెక్క నెక్ అతికించిన గిటార్లు చాలా చూశాను. చదరపు నెక్ ట్రైకోన్‌లో నెక్ విడిగా ఉండదు. అది బాడీతో కలిసిపోయిన బోలు లోహపు గొట్టం. కాబట్టి కోసి మార్చినట్టయితే నెక్ బాడీని కలిసే చోట టంకం గుర్తులు, రంపపు అంచు, సరిగా కలవని రేకు కనిపిస్తాయి. పైమూత తీసినప్పుడు చిన్న అద్దం, టార్చి పట్టుకుని లోపల చూడండి. అలా మార్చినదని తేలితే నా సలహా కొంత మారుతుంది. దస్తావేజును ఎవరో ఇదివరకే దిద్దారు కాబట్టి, మీరు వాయించడానికి అనుకూలంగా కాస్త ధైర్యం చేయవచ్చు. నెక్ అసలుదే అయితే మాత్రం ధైర్యం తగ్గించుకోవాలి.

పూత కూడా అంతే. ఇది మొదటి పూతా, మధ్యలో ఎవరైనా మళ్లీ వేయించారా? నగిషీ గీతల అంచులు భూతద్దంలో చూడండి. ఉలితో తీసిన గాడి అంచు పదునుగా ఉంటుంది, వెలుతురు పడితే గీత మీద సన్నటి మెరుపు లేస్తుంది. మళ్లీ పూత వేసినదైతే అంచులు గుండ్రబడి, గులాబీ రేకులు సబ్బు మీద చెక్కినట్టు మెత్తగా కనిపిస్తాయి.  పైమూత అంచు కింద, టెయిల్‌పీస్ వెనక, గాలీ చెమటా తగలని చోట ఏ రంగు ఉందో చూడండి. అసలు పూత ఎలా ఉండేదో చెప్పే సాక్షి అదే.

ఇక మెరుగు విషయం. ఇక్కడ కాస్త కోపంగానే రాస్తాను. కొత్త నికెల్ మెరవాలంటే కింది లోహం అద్దంలా ఉండాలి. అంటే పాత పూతను రసాయనంతో తీసేసి, తిరిగే గుడ్డ చక్రానికి పట్టి, గీతలన్నీ పోయేదాకా రాపాడించాలి. గీతలతో పాటు పోయేది లోహమే. చేత్తో చెక్కిన నగిషీ లోతెంత? గోటితో తడిమితే తగిలేంత. చక్రం కింద ఒక్క పూట గడిస్తే ఆ పనితనం సగం ఎగిరిపోతుంది. తర్వాత దాని మీద నికెల్ పూస్తే మిగిలిన సగం పూడుతుంది. పోయినదాన్ని మళ్లీ చెక్కించవచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. చెక్కించవచ్చు. అప్పుడది ఇవాళ్టి పనివాడి గులాబీ అవుతుంది, ఆనాటిది కాదు. పైగా బాడీ అంతా టంకంతో అతికిన రేకులు. రసాయనపు తొట్టిలో ముంచితే అతుకుల సందుల్లో ద్రవం చేరి, ఏళ్ల తరబడి లోపలి నుంచి తినేస్తుంది.

డబ్బు లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ పైకి అడగకపోయినా అందరి మనసులో ఉండేది అదే. పాత గిటార్‌కు పూత మార్పిస్తే విలువ ఇంచుమించు సగానికి పడుతుందన్నది వ్యాపారుల మోటు లెక్క. గిటార్‌ను బట్టి అది అటూ ఇటూ అవుతుంది గాని, పూత మార్చడం వల్ల విలువ పెరిగిన అసలు ట్రైకోన్‌ను నేను ఇంతవరకూ చూడలేదు. ఆ పనికి మీరు పెట్టే ఖర్చు అదనం. నిగనిగలాడే ట్రైకోనే కావాలంటే దానికి తేలిక దారి ఉంది. కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో నేషనల్ రెసో-ఫోనిక్ అనే సంస్థ 1989 నుంచి ఈ పద్ధతి గిటార్లు తయారు చేస్తోంది. కొత్తది కొనుక్కోండి. ఊరేగింపులకూ, వర్షాకాలపు ప్రయాణాలకూ అదే తీసుకెళ్లండి. పాతదాన్ని కొత్తగా మార్చాల్సిన అవసరం లోకంలో ఎవరికీ లేదు.

ముంజేయి మచ్చ సంగతి. జర్మన్ సిల్వర్ అంటే పేరులోనే వెండి, ఒంట్లో లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. పైనున్న నికెల్ అరిగితే కింద కాస్త పసుపు ఛాయ ఉన్న బూడిద రంగు కనిపిస్తుంది. ఇత్తడి బాడీ గిటార్ల మీద లాగా కొట్టొచ్చినట్టు కనపడదు. అది తుప్పు పట్టదు, ప్రమాదమూ కాదు. ఎవరో వేల గంటలు వాయించిన గుర్తు అది. అలాగే వదిలేయండి.

చిలుము మాత్రం వేరే విషయం. అది బతికున్న జబ్బు, చెమ్మ తగిలినప్పుడల్లా పాకుతుంది. "గుడ్డతో కూడా తుడవకండి" అన్న మీ మిత్రుడి పొరపాటు ఇదే. ముట్టుకోకపోవడం వేరు, కాపాడడం వేరు. వెదురు పుల్ల కొసను కాస్త చెక్కి, భూతద్దం కింద చిలుమును పొడిపొడిగా గీకి తీయండి. లోహపు సూది వద్దు. తర్వాత స్వేదన జలంలో ఒకటి రెండు చుక్కల తేలికపాటి సబ్బు ద్రవం కలిపి, పత్తి తడిపి పిండి, ఆ చోటు తుడిచి, వెంటనే ఆరబెట్టండి. బజారులో దొరికే లోహపు పాలిష్ డబ్బా ఏదీ దగ్గరికి రానివ్వకండి. వాటిలో చాలావరకు రాపిడి పొడి ఉంటుంది, అది పలచటి నికెల్‌ను దాటేస్తుంది. కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది, అది రాగి మిశ్రమాలను తింటుంది. మిగిలిన తెల్ల పొడి నగిషీ గాళ్లలో గట్టిపడి జన్మలో వదలదు. శుభ్రం చేశాక సంగ్రహాలయాల్లో వాడే మైక్రోక్రిస్టలిన్ మైనం సన్నగా పూసి, మెత్తటి నూలు గుడ్డతో తుడిస్తే చాలు. మెరవదు. మెరవాల్సిన పని లేదు.

ఇప్పుడు యంత్రం దగ్గరికి వద్దాం. నా చేతుల్లో జరిగిన ఒక తప్పుతో మొదలుపెడతాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఒకాయన ఉక్కు బాడీ ఉన్న ఒంటి కోన్ గిటార్ తెచ్చారు. మోత తగ్గిందన్నారు. కోన్ నడుం దగ్గర కాస్త కుంగింది. నేను కొత్తది వేసి, పాతది నలిపి చెత్తలో పడేశాను. గిటార్ గట్టిగా మోగింది, నాకు గర్వంగా అనిపించింది. నెల తిరక్కుండా ఆయన వచ్చి, "గట్టిగానే ఉంది. కానీ ఇది నా గిటార్ గొంతు కాదు. పాతది ఇచ్చేయండి" అన్నారు. ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? ఆ రోజు నుంచి నా దగ్గర విప్పిన ప్రతి ముక్కా, తుప్పుపట్టిన స్క్రూతో సహా, పేరు రాసిన సంచిలోకి వెళ్తుంది.

కోన్లు మార్చే ముందు జిర్రుమనే చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి. పదిలో ఏడెనిమిది సార్లు దోషం కోన్‌ది కాదు. వదులైన స్క్రూ, పై భాగంలోని జాలీ రేకు, మూతను తాకుతున్న టెయిల్‌పీస్, ఊడిన టంకం అతుకు, శాడిల్‌లో మరీ వెడల్పయిన తీగ గాడి, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఒకరు అదే స్వరం మీటుతూ ఉంటే, ఇంకొకరు వేలితో ఒక్కొక్క భాగాన్నీ నొక్కి చూడాలి. చప్పుడు ఆగిన చోటే దొంగ. చప్పుడు ఆపడానికి కోన్ అంచును జిగురుతో అతికించినవాళ్లను, మేకులు కొట్టినవాళ్లను కూడా చూశాను. కోన్‌ను కట్టిపడేస్తే అది మోగదు. మీ గిటార్‌లో అలాంటి పాపం ఏదైనా కనిపిస్తే, అది తీసేయడం తప్పు కాదు.

ట్రైకోన్‌కు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. టి ఆకారపు బ్రిడ్జి మూడు కోన్ల కొసల మీదా సమానంగా ఆనాలి. అది అతికి ఉండదు, తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. ఒక్క కాలు గాలిలో తేలినా వాద్యం జిర్రుమంటుంది, గొంతు పలచబడుతుంది. మీ సొట్ట కోన్ పొట్టిబడి ఉంటే జరిగేది ఇదే. ఆ కోన్‌ను చదునైన గాజు పలక మీద బోర్లించి, వెనక దీపం పెట్టి అంచు చుట్టూ చూడండి. వెలుతురు సన్నగా తప్ప రాకపోతే అంచు బాగున్నట్టే. సొట్ట పక్క గోడ మీద ఉంటే, గుండ్రటి చెక్క ముక్కతో లోపలి నుంచి మెల్లగా నొక్కి సరిచేయవచ్చు. ముడత జాడ మిగులుతుంది, మిగలనివ్వండి. దాన్ని పూర్తిగా మాయం చేయాలని పదేపదే నొక్కితే రేకు గట్టిపడి పగులుతుంది. కొస కుంగిపోయినా, అంచు చిరిగినా అప్పుడు కొత్త కోన్ వేయండి, ఆ ఒక్కటే. మిగతా రెండూ బాగుంటే వాటి జోలికి పోకండి. గొంతు సరిగా కలవలేదనిపిస్తే మూడూ కొత్తవి వేసుకుని, పాత మూడింటినీ నలగకుండా డబ్బాలో దాచండి. ఇది ఎప్పుడైనా వెనక్కి తిప్పగల పని, అందుకే నాకు దీని మీద పట్టుదల లేదు.

తీగల ఎత్తు తగ్గించడానికి మీ పనివాడు శాడిల్ అరగదీద్దామనవచ్చు. వద్దని చెప్పండి. శాడిల్ తగ్గితే తీగ దాని మీద వంగే కోణం తగ్గుతుంది, కోన్ల మీద ఒత్తిడి పడిపోతుంది, మోత చస్తుంది. ఎత్తు పెరగడానికి అసలు కారణం సాధారణంగా నెక్ కోణం. ఈ గిటార్లలో నెక్ నుంచి ఒక చెక్క దిమ్మ బాడీ లోపలికి పొడుగ్గా వెళ్తుంది, దాన్ని చిన్న చెక్క ఊతలు వెనక పలకకు ఆనించి నిలబెడతాయి. తొంభై ఏళ్లలో ఊతలు ఎండి, కుంగి, జారిపోతాయి. నెక్ ముందుకు వంగుతుంది. ఫ్రెట్ బోర్డు చివర ముత్యపు చుక్కల కింద స్క్రూలు దాగి ఉంటాయి. వాటిని విప్పి, ఊతల దగ్గర పలచటి చెక్క చీలికలు పెడితే కోణం సరిపోతుంది. చెక్క గిటార్‌కు ఆవిరి పట్టి కీలు ఊడదీయడంతో పోలిస్తే ఇది పిల్లల ఆట. పూతకు గాయం కాదు, చీలిక తీసేస్తే పాత స్థితే. ఎక్కడైనా జిగురు వాడాల్సి వస్తే వేడికీ తడికీ వదిలే జంతు జిగురే వాడమనండి, ఎపాక్సీ వద్దు. నెక్‌లో సర్దుబాటు చేసే కడ్డీ ఉండదు కాబట్టి మరీ లావు తీగలు కట్టవద్దు. తీగల మీద జార్చే గొట్టం (స్లైడ్)తో వాయిస్తారా, వేళ్లతోనా అన్నది ముందే పనివాడికి చెప్పండి. స్లైడ్‌కు కాస్త ఎత్తు ఉంటేనే మంచిది.

ఫ్రెట్లు వాయించలేనంత అరిగితే మార్చవచ్చు. నెక్ వెనక భాగాన్ని ఎవరైనా సన్నబరుస్తానంటే మాత్రం గిటార్ తీసుకుని బయటికి వచ్చేయండి.

ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం. గోడలకు వేసే రంగు బాడీ అంతా పులిమిన గిటార్, తుప్పు రేకును తొలిచేసిన ఉక్కు బాడీ, ఇదివరకే చెత్తగా పూత మార్చినది, ఇలాంటివి వచ్చినప్పుడు నేనూ పూర్తి పునరుద్ధరణే చేస్తాను, సంతోషంగా చేస్తాను. అక్కడ చదవడానికి దస్తావేజు మిగల్లేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీది ఆ కోవలోకి రాదు.

దాచే విషయంలో రెండు మాటలు. అసలు పెట్టె ఉంటే దాన్ని దాచండి, గిటార్‌ను మాత్రం అందులో ఏళ్ల తరబడి ఉంచకండి. పాత ఉన్ని అస్తరు, జిగురు వదిలే వాయువులు లోహాన్ని నల్లబరుస్తాయి. శ్రుతి బిరడాల గుండీలు సెల్యులాయిడ్‌వైతే, అవి పొడిగా రాలడం మొదలైందేమో చూడండి. చివికే సెల్యులాయిడ్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది, పక్కనున్న లోహాన్ని తినేస్తుంది. పైగా త్వరగా అంటుకుంటుంది. అలాంటి గుండీలు తీసి గాలి ఆడే కాగితపు సంచిలో వేరుగా ఉంచి, మామూలు గుండీలు పెట్టుకోండి. గది తేమ 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకూ లోహానికీ గొడవ లేదు. తీగలను పూర్తిగా వదులు చేయకండి, బ్రిడ్జి కదిలి కోన్ల కొసల మీద నుంచి జారుతుంది. ఒకటి రెండు మెట్లు శ్రుతి దించితే చాలు. మార్చేటప్పుడు కూడా ఒక్కొక్క తీగే మార్చండి.

పనివాడి దగ్గరికి వెళ్లేముందు ఒక గంట కూర్చుని అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి. సీరియల్ నంబరు, నగిషీ, అరిగిన చోట్లు, చిలుము, అన్నీ. పైమూత విప్పేటప్పుడు స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రంలోకే వెళ్లేలా, అట్ట మీద మూత బొమ్మ గీసి అందులో గుచ్చుకుంటూ పోండి. కోన్లను తీసేముందు ఏది ఎటువైపు ఉందో అంచు దగ్గర కాగితపు చీటీతో గుర్తు పెట్టండి. లోపలి ఊతల ఫోటో, సొట్ట కోన్ గాజు పలక మీద ఉన్న ఫోటో నాకు చూపిస్తే, కోన్ మార్చాలా వద్దా అన్నది ఇంకాస్త గట్టిగా చెప్పగలను. అప్పటిదాకా ఆ మెరుగు పెట్టే ఆయనకు ముందుగా డబ్బు మాత్రం ఇవ్వకండి.